నోటరీ మేనత్త

నెల్లూరు కలెక్టరాఫీసు గోడవార
ఒక గొడుగు, ఒక కంప్యూటరు, పాత బ్యాటరీ.
ఇరవయ్యేళ్ళుగా ఇక్కడ కూర్చుని
చుట్టరికాలు టైపు కొడుతున్నాను.

జులైలో గిరాకీ ఎక్కువ.
ర్యాంకు రానివాళ్ళకి ఉన్నట్టుండి
విదేశాల్లో బంధువులు పుడతారు.

వెంకురెడ్డిది అల్లూరు పక్క. రొయ్యల గుంటలు.
కూతురు జోషితకి డాక్టరు సీటు కావాలి,
ఎన్నారై కోటాలో అయినా సరే.
డాలర్లకి లోటు లేదు, ఎన్నారైకే లోటు.
సింగపూర్లో బావమరిది ఉన్నాడు గానీ
గుంట గట్టు దగ్గర తగువు,
సంతకం పెట్టనన్నాడంట.

అందుకని చెంగమ్మను వెంటబెట్టుకొచ్చాడు.
కువైట్ నించి నలభై రోజుల సెలవు మీద వచ్చిన మనిషి.
ఒకప్పుడు ఆయన షెడ్డులోనే
ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తలలు గిల్లేది.
ఇప్పుడు చంకలో పాస్‌పోర్టు, దాని నిండా ముద్రలు,
ఎవరింట్లోనో బండలు కడిగి కడిగి
సంపాదించుకున్నవి.

వంశవృక్షం ఫారం తెరిచాను.
తాత పేరున్న గడిలోంచి కిందికి రెండు గీతలు.
ఒక గీత కొసన వెంకురెడ్డి.
రెండో గీత ఖాళీగా ఊగుతా ఉంది.
మౌసుతో లాగి చెంగమ్మను దానికి తగిలించాను.
పుట్టింటి ఇంటిపేరు మార్చాను.
నాయన పేరు తుడిచేటప్పుడు చూస్తే
ఆమె తెరవైపే కళ్ళార్పకుండా చూస్తోంది.
చదువు రాదనుకున్నా.

"మా నాయన పేరు మూడక్షరాలు గదబ్బయా,
ఇదేంది, ఇంత పొడుగుంది?"

వెంకురెడ్డి ఫోన్లోకి తల వంచాడు.

ప్రింటరు వేడెక్కేలోపు తనే చెప్పింది.
పదేళ్ళ కింద రొట్టెల పండగప్పుడు
స్వర్ణాల చెరువులో ఎవరో తల్లి చేతిమీదుగా
విదేశీ రొట్టె పట్టుకుందంట.
మొక్కు తీరింది, ఈ ఏడు తిరిగిచ్చేదానికి వచ్చింది.
అవే నీళ్ళలో, ప్యాంటు మోకాళ్ళకి మడిచి,
చదువు రొట్టె కోసం నిలబడున్నాడు రెడ్డి.
ఆ నీళ్ళలో ఎవరూ ఎవరి ఇంటిపేరూ అడగరు.
అడిగేది నేను,
వంద రూపాయల స్టాంపు కాగితం మీద.

"ఈ కోటా నా బిడ్డకు రాదా అబ్బయా?
నర్సు చదువుతా ఉండాది, రెండో ఏడు."

వస్తుందన్నాను.
అసలు ముందు హక్కు నీ బిడ్డదేనన్నాను.
అనకుండా ఉండాల్సింది.

"ఫీజెంత?"
చెప్పాను.
డాలర్లను దినార్లు చేసింది,
దినార్లను ఏళ్ళు చేసింది,
వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపించింది.
ఒక చెయ్యి అయిపోయింది, రెండోదీ అయిపోయింది,
మళ్ళీ మొదటి చేతికొచ్చి
అక్కడ ఆగి నవ్వేసింది.
"వద్దులే. అప్పటికి నా బిడ్డకే బిడ్డలు."

సంతకం పెట్టమన్నచోట పెట్టింది,
అక్షరం అక్షరానికీ ఊపిరి తీసుకుంటా.
పెన్ను మూత పెట్టి, చీర కొంగు సర్దుకుని, అప్పుడంది:

"అన్నా,
ఆడబిడ్డనైతిని గదా, చీరేదీ?"

నోటరీ నవ్వాడు. టీ పిల్లోడు నవ్వాడు.
నేనూ నవ్వాను, కాదనను.
వెంకురెడ్డి జేబులోంచి కవరు తీశాడు.

"డబ్బులు గాదన్నా, చీర.
వదినె చేత్తో, పసుపూ కుంకుమా పెట్టి,
మీ ఇంట్లోపల."

అప్పుడెవరం నవ్వలేదు.

ఏసీ ఆపకుండా నిలబెట్టిన కారులోంచి
జోషిత అద్దం దించింది.
"నాన్నా, ఎవరామె?"

జవాబు నా బల్ల మీదుంది, మూడు కాపీలు.
ముద్ర ఇంకా ఆరలేదు.
అద్దం ఎత్తమని ఆయన చేత్తో సైగ చేశాడు.

నాకు రావాల్సిన పదిహేను వందలు ఎంచుకున్నాను.
తరవాతి వాళ్ళది కావలి.
మస్కట్లో ఒక చిన్నాన్న కావాలంట.
చెంగమ్మ పేరు మీద కర్సరు పెట్టి,
కాసేపు
ఊరికే కూర్చున్నాను.